ఏజెన్సీ తల్లుల ఆరోగ్యం: అడిగేవాళ్లు మారిన తీరు

1941లో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. ఆయన చేసిన మరో పని నాకు అంతకంటే గొప్పగా కనిపిస్తుంది. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించారు. గూడెం మనిషికే పని నేర్పాలన్న ఆ ఆలోచన బడి దాకా తొందరగానే వచ్చింది. ఆరోగ్య పరిశోధన దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఆ మధ్యకాలం సర్వేలది. 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏ) ప్రాంతాల్లోనూ తిండి తూచింది, ఎత్తు, బరువు కొలిచింది. ఆ కొలతలు కావలసినవే. అయితే ఏం కొలవాలో తేల్చింది గూడెం కాదు.

దారి చూపింది గోదావరికి ఎగువన మహారాష్ట్రలో ఉన్న గడ్చిరోలి. అక్కడి రెండు పల్లెల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి వైద్యురాలు రాణీ బంగ్ బృందం 1989లో వైద్య పత్రిక లాన్సెట్‌లో రాసింది: నూటికి 92 మందికి స్త్రీ సంబంధ వ్యాధులు ఉన్నాయి, అంతకుముందు పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఎనిమిది మందే. తర్వాత పల్లె మహిళలకే శిక్షణ ఇచ్చి పసిగుడ్డుల సంరక్షణ, నమోదు అప్పగించారు. శిశు మరణాలు బాగా తగ్గాయని 1999లో అదే పత్రికలో వచ్చింది.

ఇలా ఊరి మనిషే అడగడం భద్రాచలం ఏజెన్సీకి ఎంత అవసరమో ఒక్క ప్రశ్నతో తెలుస్తుంది. "చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది?" తారీఖు గుర్తులేని మనిషిని ఎంత రెట్టించినా లాభం లేదు. ఇప్పపువ్వు ఏరేటప్పుడా, తునికాకు కోసేటప్పుడా అని అడిగితే నెల దొరుకుతుంది. నెలల లెక్క తప్పితే బిడ్డ నెలలు నిండక పుట్టిందో, కడుపులోనే ఎదగలేదో తేల్చలేం. రక్తహీనతదీ ఇదే తంతు. ఇనుము చాలకపోవడం, మలేరియా, సికిల్ సెల్, ఈ మూడూ ఒకే ఒంట్లో ఉండొచ్చు. ఐరన్ మాత్ర మొదటిదానికే మందు.

2005 తర్వాత పల్లెల్లో ఆశా కార్యకర్తలు వచ్చారు. 2010లో మాతృ మరణాల సమీక్షకు కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఇంట్లో నిర్ణయం తీసుకోవడంలో, దారిలో, ఆస్పత్రిలో ఎక్కడ ఆలస్యమైందో కుటుంబాన్నే అడిగి రాయడం మొదలైంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆస్పత్రి, యునిసెఫ్‌తో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు 2014-16లో 81 ఉంటే 2018-20కి 43కు దిగాయి. ఇది చిన్న విజయం కాదు. మరోవైపు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. ఇన్ని ఎందుకన్నది తల్లులనే అడిగి తెలుసుకోవాలి.

అలా అడిగే పరిశోధకులు గూడేల నుంచే రావాలి. హైదరాబాద్ కేంద్రంగా ఆరోగ్య పరిశోధనకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ 2008 నుంచి యువ పరిశోధకులకు ఫెలోషిప్‌లిస్తోంది. వాటిని అందుకోవాలంటే ముందు పెద్ద చదువు కావాలి. ఆ ముందు మెట్టు కట్టాల్సింది 2022లో కొత్తగూడెంలో, 2023లో ఖమ్మంలో తెరిచిన ప్రభుత్వ వైద్య కళాశాలలే. కోయ, కొండరెడ్డి, లంబాడీ ఇళ్ల పిల్లలకు ప్రశ్నావళి రాయడం, సమ్మతి అడగడం, లెక్కలు విశ్లేషించడం అక్కడే నేర్పాలి. వివరాలు సేకరించిన ఆశా పేరు కూడా పరిశోధన పత్రం మీద ఉండాలి. మొదటి అంశం చర్ల, దుమ్ముగూడెం అడవుల్లోనే దొరుకుతుంది: ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గొత్తికోయల గూడేల్లో, వాగులు పొంగే రోజుల్లో నెలలు నిండే గర్భిణిని ఏ వారంలో ఆస్పత్రి దగ్గరికి చేర్చాలి, ఇంట్లో మిగిలిన పిల్లల్ని ఎవరు చూడాలి?