పాపను చూసుకుని ఎంచుకున్న చదువు



ఉద్యోగం వెదుక్కునేటప్పుడు మనం ముందు అడిగేది జీతమెంత అని. అయ్యలసోమయాజుల లలితగారు మాత్రం ముందు పనివేళలు చూసుకున్నారు.

1919లో మద్రాసులో ఒక తెలుగింట పుట్టిన లలితగారికి పదిహేనో ఏట పెళ్ళయింది. 1937లో భర్త పోయేనాటికి ఆమెకు పద్ధెనిమిదేళ్ళు, చంటిపాపకు నాలుగు నెలలు. డాక్టరీ చదివితే అర్ధరాత్రి పిలుపులు తప్పవు. మరి పాపను ఎవరు చూస్తారు? అందుకని పగటిపూట పని ఉండే ఇంజనీరింగు వైపు మొగ్గారు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కాలేజీలోనే ఆచార్యులు. ఆయన ప్రిన్సిపాలుతో మాట్లాడి ప్రవేశం ఇప్పించారు. మరో ఇద్దరమ్మాయిలూ చేరారు. చివరికి ఆమె పట్టాలో మగవాళ్ళకని అచ్చువేసిన మాట కొట్టేసి, ఆడవాళ్ళ మాట రాయవలసి వచ్చింది, చూడండి!

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ అయ్యాక సిమ్లాలో ఉద్యోగం చేశారు. అక్కడ సోదరుడి ఇంట ఉండే వీలుంది. 1948 నుంచి కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో పనిచేశారు. భాక్రానంగల్ ప్రాజెక్టు పనుల్లోనూ ఆమె చేయి ఉంది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల సదస్సుకూ వెళ్ళారు.

కాబట్టి దరఖాస్తు పెట్టేముందు ఓ కాగితం తీసుకోండి. పిల్లల్ని ఎవరు చూస్తారు, రాకపోకలకు ఎంతసేపు పడుతుంది, ఏ వేళలు మనకు కుదురుతాయి అన్నవి రాసుకోండి. ఇంటర్వ్యూలోనే మొహమాటపడకుండా అడగండి. ముందే మాట్లాడుకుంటే ఆ తర్వాత సాయంత్రం కాగానే పై అధికారిని బతిమాలుకునే అవస్థ తప్పుతుంది. పుట్టింటివాళ్ళ సాయం కావలసివస్తే నోరు తెరిచి అడగండి. లలితగారూ ఆ సాయంతోనే నిలదొక్కుకున్నారు.