ఓటరు మనసు: ఓటు మీది మక్కువ, ప్రజాస్వామ్యం మీది నమ్మకం

"ఓటు" అన్న మాట మన భాషలో చిత్రంగా స్థిరపడింది. సంస్కృతంలో "మతము" అంటే అభిప్రాయము. ఆ అర్థాన్ని పట్టుకొని హిందీవారు "మత్‌దాన్" అన్నారు, కన్నడిగులు "మతదాన" అన్నారు. మనకు అభిమతం, సమ్మతి వంటి పదాలు ఎన్ని ఉన్నా, ఆంగ్ల పదమే నాలుకకెక్కింది. "ఓటి కుండ" అంటే నీరు నిలువని కుండ. ఆ శబ్దసామ్యాన్ని మన పల్లె ప్రజలు పట్టించుకోలేదు. ఓటును మాత్రం కారిపోనీయకుండా భద్రంగానే కాపాడుకున్నారు. ఎందుకు కాపాడుకున్నారన్న ప్రశ్నను గడచిన డెబ్బై ఏళ్ళలో ఎందరో పరిశోధకులు రకరకాలుగా శోధించారు. వారు కనుగొన్న సంగతులను ఒకచోట చేర్చి చూస్తే ఒక చిక్కుముడి కనిపిస్తున్నది. దానిని చరిత్ర వెలుగులో విప్పి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎన్నిక అనే ఆలోచన మనకు కొత్తది కాదని చెప్పడానికి చాలామంది ఉత్తరమేరూరు శాసనాన్ని ఉదాహరిస్తారు. మొదటి పరాంతక చోళుని కాలంలో, పదవ శతాబ్ది తొలి పాదంలో చెక్కించిన ఆ శాసనం గ్రామసభ సభ్యులను ఎంచుకొనే పద్ధతిని వివరిస్తుంది. తాటాకుల మీద పేర్లు వ్రాసి, కుండలో వేసి, ఒక బాలుని చేత తీయించేవారు. అయితే ఆ కుండలో పేరు పడాలంటే పన్ను కట్టే సొంత భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, వేదవిద్య ఉండాలి. అది గొప్ప నియమావళే, సందేహం లేదు. కాని అది అర్హుల కోసం ఏర్పడినది, అందరి కోసం కాదు.

ఆంగ్లేయుల కాలంలోనూ ఈ సూత్రమే నడిచింది. 1935 చట్టం క్రింద జరిగిన ఎన్నికలలో ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు కలవారికే ఓటు. జనాభాలో ఆ హక్కు కలవారు నూటికి సుమారు పధ్నాలుగు మంది.

ఈ గీతను స్వతంత్ర భారతం ఒక్క వేటుతో చెరిపివేసింది. ఆ చెరిపిన తీరును గూర్చి ఇజ్రాయెల్‌కు చెందిన చరిత్రకారిణి ఓర్నిత్ షాని పాత దస్త్రాలను శోధించి 2018లో ఒక గ్రంథం ప్రచురించారు. ఆమె చూపిన విషయం ఆశ్చర్యకరమైనది. రాజ్యాంగం అమలులోకి వచ్చినది 1950 జనవరి 26న. కాని సార్వజనీన వయోజన ఓటు ఆధారంగా ఓటర్ల జాబితాలు తయారు చేసే పని 1948లోనే ఊపందుకున్నది. రాజ్యాంగ పరిషత్తు సలహాదారు బెనెగళ్ నరసింగరావు గారి ఆధ్వర్యంలోని సచివాలయం ఆ బరువు మోసింది. దేశ విభజనలో ఇల్లూవాకిలీ పోగొట్టుకొని వచ్చిన శరణార్థుల పేర్లు ఎక్కడ చేర్చాలి? ఇక్కడే స్థిరపడతామని వారు ప్రకటిస్తే చాలునని నిర్ణయించారు. పేర్లు చేరనివారు, చేరవేమోనని భయపడినవారు సంఘాలుగా ఏర్పడి సచివాలయానికి లేఖలు వ్రాశారు. అప్పటికి చిత్తుప్రతిగానే ఉన్న రాజ్యాంగంలోని నిబంధనలను చూపి తమ హక్కును వాదించుకున్నారు. అంటే మన దేశంలో పౌరునికంటె ముందు ఓటరు పుట్టాడు.

1951 అక్టోబరు నుండి 1952 ఫిబ్రవరి దాకా మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఓటర్లు పదిహేడు కోట్లకు పైన. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. అందుకే ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించారు. ఉత్తరాదిలో చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పడానికి సమ్మతించక, ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అని మాత్రమే చెప్పారు. అటువంటి నమోదులు చెల్లవని తొలి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారు పట్టుబట్టారు. దాదాపు 28 లక్షల స్త్రీల నమోదులు జాబితా నుండి తొలగిపోయాయి. ఇది కఠినమైన నిర్ణయమే. కాని ఓటు కుటుంబానిది కాదు, పేరు గల ఒక మనిషిదని దేశానికి తెలియజెప్పినది కూడా ఆ నిర్ణయమే. ఆ పాఠం ఫలించడానికి ఎంతో కాలం పట్టింది. 1962లో పురుషులు నూటికి 63 మంది ఓటు వేస్తే స్త్రీలు 47 మంది కూడా వేయలేదు. 2019లోను, 2024లోను లోక్‌సభ ఎన్నికలలో స్త్రీల శాతం పురుషుల శాతాన్ని కొద్దిగా దాటింది.

ఇక మన తెలుగునాటి సంగతి. 1952లో మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాలకు చెందిన 140 శాసనసభ స్థానాలలో కమ్యూనిస్టులు 41 గెలుచుకున్నారు. హైదరాబాదు రాష్ట్రంలో ఆ పార్టీపై నిషేధం ఉన్నందున ప్రజాతంత్ర కూటమి పేరుతో పోటీ చేశారు. నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ గారికంటె ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్ళారు. మూడేళ్ళు తిరిగేసరికి, 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలలో, 196 స్థానాలకు కమ్యూనిస్టులకు దక్కినవి 15 మాత్రమే. స్థానాలు చూస్తే ఓటరు మనసు తలకిందులైనట్లు తోస్తుంది. ఓట్లు చూస్తే నూటికి 31 వారికే పడ్డాయి, మునుపటికంటె పెరిగాయి కూడా. 1952లో చీలి ఉన్న ప్రత్యర్థులు ఈసారి ఒక్కటి కావడమే తేడా. అమెరికన్ రచయిత సెలిగ్ హారిసన్ 1956లో ఆంధ్ర కమ్యూనిస్టులను, కులాన్ని కలిపి పరిశీలిస్తూ వ్రాసిన వ్యాసం నాటినుండి నేటిదాకా చర్చలో ఉన్నది. ఆయన వాదంతో అందరూ ఏకీభవించరు. గెలిచిన స్థానాలను మాత్రమే చూసి ఓటరు మనసును కొలవరాదన్న హెచ్చరికను మాత్రం 1955 ఫలితం నుండి ఎవరైనా గ్రహించవచ్చు.

ఆ మనసును నేరుగా అడిగి తెలుసుకొనే పని ఢిల్లీలో రజనీ కొఠారీ గారు 1963లో స్థాపించిన సీఎస్‌డీఎస్ సంస్థ చేపట్టింది. మీ ఓటు వలన ప్రభావం ఉంటుందా అని అడిగితే 1971లో ఉంటుందన్నవారు సగానికి కొంచెం తక్కువ. 1996 నాటికి వారు అరవై శాతానికి చేరువయ్యారు. పేదలు, దళితులు, చదువులేనివారు సంపన్నులతో సమానంగా, కొన్నిచోట్ల వారికంటె మిన్నగా ఓటు వేస్తున్నారని యోగేంద్ర యాదవ్ గారు ఆ సర్వేల ఆధారంగా చూపారు. 2024 మే 13న ఈ తేడా మన కళ్ళముందే కనిపించింది. ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో ఎనభై శాతానికి పైగా ఓట్లు పడగా, హైదరాబాదు లోక్‌సభ స్థానంలో సగం కూడా పడలేదు.

ఓటు ఎందుకు వేస్తారో తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త ముకులికా బెనర్జీ గారు 2009 ఎన్నికల సమయంలో పలు రాష్ట్రాలలో పరిశోధకుల చేత అధ్యయనం చేయించి, 2014లో గ్రంథంగా వెలువరించారు. అందరూ ఒకే వరుసలో నిలబడడం, ఒకే సిరా గుర్తు వేయించుకోవడం పేదవానికి గౌరవంగా తోస్తుందని అందులోని సారాంశం. ఉపాధ్యాయునిగా ఎన్నో ఎన్నికల విధులు చేసినవాడిని కనుక, ఈ మాట నాకు సులభంగా అర్థమైంది. ఒక మెట్ట గ్రామంలో ఓటరు పేరు బిగ్గరగా చదవడం నా పని. ఒక వృద్ధురాలు తన పేరు విని, "ఇంకొక్కసారి సదువు బాబూ" అన్నది. మళ్ళీ చదివాను. ఇంటిపేరుతో సహా తన పేరును నలుగురి ఎదుట ఎవరైనా అలా పలికిన సందర్భాలు ఆమె బ్రతుకులో ఎన్ని ఉంటాయి?

ఇప్పుడు చిక్కుముడి. అమెరికాకు చెందిన ప్యూ పరిశోధనా కేంద్రం అనేక దేశాలలో ప్రజల వైఖరులను అడిగింది. శాసనసభలు, న్యాయస్థానాలు అడ్డుపడకుండా బలమైన నాయకుడు పాలించడం మంచిదేనని మన దేశంలో 2017లో 55 శాతం అన్నారు, 2023లో 67 శాతం అన్నారు. సైనిక పాలన మంచిదన్నవారు 2023లో 72 శాతం. ప్రజాప్రతినిధుల పాలన మంచిదన్నవారు కూడా ఎక్కువమందే. ఓటును ఇంతగా ప్రేమించేవారు ఇలా ఎలా అనగలరు?

మన చరిత్రలోనే దీనికి కొంత సమాధానం ఉన్నదని నా అభిప్రాయం. అత్యవసర పరిస్థితి తరువాత, 1977లో ఉత్తరాది ఓటరు కాంగ్రెసును ఓడించాడు. మన రాష్ట్రం మాత్రం 42 స్థానాలలో 41 ఆ పార్టీకే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారొక్కరే జనతా పక్షాన గెలిచారు. ఉత్తరాదిలో వలె బలవంతపు కుటుంబనియంత్రణ ఇక్కడ అంతగా తాకలేదు. పత్రికల నోరు కట్టడం, విచారణ లేని నిర్బంధం గుడిసెదాకా రాలేదు. కాని 1984 ఆగస్టులో నందమూరి తారకరామారావు గారిని గవర్నరు తొలగించినప్పుడు ఇదే రాష్ట్రం అట్టుడికిపోయింది. నెల తిరిగేసరికి ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ డిసెంబరులో దేశమంతా కాంగ్రెసు వెంట నడిస్తే ఇక్కడ 30 లోక్‌సభ స్థానాలు తెలుగుదేశానికి దక్కాయి. ఓటరు ఒక్కడే. తాను వేసిన ఓటుకు అవమానం జరిగితే సహించలేదు. ఆ ఓటును కాపాడే వ్యవస్థలకు జరిగిన అవమానం మాత్రం అతని అనుభవంలోకి రాలేదు.

కనుక సర్వేలలో వైరుధ్యమేమీ లేదు. ఓటు మన ప్రజలకు గౌరవంగా అందింది. శాసనసభ, న్యాయస్థానం, పత్రిక అలా అందలేదు. ఓటు రోజున పేరు పెట్టి పిలిచిన రాజ్యం, మరునాడు కచేరీ గుమ్మం దగ్గర గంటల తరబడి నిలబెడుతుంది. ఆ గుమ్మం దగ్గర విసిగినవానికి, అడ్డంకులన్నీ తొలగించే బలవంతుడొకడు కావాలనిపించడం సహజమే. అతనిని తప్పుపట్టడం తేలిక, ఆ గుమ్మాన్ని బాగుచేయడం కష్టం.

అయినా ఒక్క సంగతి మరువరాదు. 1948లో ఓటు కోసం లేఖలు వ్రాసినవారు ఏ నాయకుని దయనూ కోరలేదు, నిబంధనను చూపి అడిగారు. అడిగినవారికి జవాబు చెప్పవలసిన కార్యాలయం ఉన్నది కనుకనే పేర్లు చేరాయి. ఏ అడ్డూ లేని పాలకునికి ఓటరు జాబితా కూడా అడ్డు కాదు. అందులో ఎవరి పేరు ఉండాలో అప్పుడు అతడే నిర్ణయిస్తాడు.