ఎదురు కట్నం పలికిన మెట్రో

పట్టణ రైలు కట్టే కంపెనీ ఎక్కడైనా ఒకటే పాట పాడుతుంది. టికెట్ల డబ్బుతో గిట్టుబాటు కాదు, సర్కారు కొంత సర్దాలి అంటుంది. ఆ లోటు పూడ్చడానికే కేంద్రం వయబిలిటీ గ్యాప్ ఫండ్ అనే పద్ధతి పెట్టింది. దాని కింద కేంద్రం, రాష్ట్రం కలిసి ప్రాజెక్టు ఖర్చులో 40 శాతం దాకా భరించవచ్చు. 2008లో హైదరాబాద్ మెట్రోకు పోటీ పడిన రిలయన్స్, ఎస్సార్ వేల కోట్లు అడిగింది ఈ లెక్కతోనే. మేటాస్ నాయకత్వంలోని కూటమి మాత్రం పైసా అడగలేదు సరికదా, 35 ఏళ్లలో తానే ప్రభుత్వానికి 30,311 కోట్ల రూపాయలు కడతానంది. అచ్చంగా ఎదురు కట్నం!

వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మురిసిపోయింది. ఖజానా నుంచి రూపాయి కదలకుండా మెట్రో వస్తుందంటే ఏ ప్రభుత్వం మాత్రం మురవదు?

అంతకు ముందు హైదరాబాద్‌కు తెలిసిన దారి వేరు. 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల ఖర్చును రాష్ట్రం, రైల్వే చెరి సగం పంచుకున్నాయి. ఉన్న పట్టాల మీదే రైళ్లు నడిపారు కనుక ఖర్చూ తక్కువే. ఢిల్లీ మెట్రోలో కూడా కేంద్రం, ఢిల్లీ ప్రభుత్వం సమాన వాటాదారులు. మిగతా డబ్బులో పెద్ద భాగం జపాన్ నుంచి చవక వడ్డీ అప్పుగా వచ్చింది. ఈ రెండు చోట్లా డబ్బు పెట్టేది ప్రజలేనన్న సంగతి దాచకుండా పుస్తకాల్లో రాసుకున్నారు.

మరి మేటాస్ అంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది? ఈ ప్రశ్న గట్టిగా అడిగినవాడు ఢిల్లీ మెట్రో సారథి ఇ. శ్రీధరన్. 2008 సెప్టెంబరులో ఆయన ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. నగరం నడిబొడ్డున విలువైన భూములను వ్యాపారానికి అప్పగించడమంటే ఇంట్లో వెండి సామాను అమ్ముకోవడమేనన్నది దాని సారాంశం. కంపెనీ చూపు రైలు మీద కాదు, మార్గం పొడిగిస్తే ధర పెరిగే సొంత భూముల మీద ఉందని కూడా అనుమానం వ్యక్తం చేశారు. రాష్ట్ర ప్రభుత్వం భగ్గుమంది. పరువు నష్టం దావా వేస్తామని హెచ్చరించింది.

దావా అవసరం పడలేదు. ఆ డిసెంబరులోనే సత్యం కంప్యూటర్స్ తన చైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొనబోయి, వాటాదారులు తిరగబడటంతో వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న ఆ చైర్మన్ రామలింగరాజు సత్యం లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ ఉత్తరం రాశారు. అప్పు పుట్టక మేటాస్ గడువులు దాటించింది. జూలైలో ఒప్పందం రద్దయింది. ఎవరు తక్కువ అడుగుతారు, ఎవరు ఎక్కువ ఇస్తారు అని మాత్రమే చూసిన వేలం, ఇస్తానన్నవాడికి ఇచ్చే స్తోమత ఉందా అని అడగడం మరిచిపోయింది.

రెండోసారి, 2010లో, ఎల్ అండ్ టీ 1,458 కోట్ల సాయం చాలని గెలిచింది. ప్రాజెక్టు అంచనా 12,132 కోట్లు. అంటే సర్కారు సాయం సుమారు 12 శాతం. ఈ పొదుపు వెనుక ఉన్నదీ భూమే. మియాపూర్, నాగోల్ వంటి డిపోల దగ్గరా స్టేషన్ల పక్కనా 269 ఎకరాల మీద కట్టడాల హక్కు కంపెనీకి దక్కింది. రాబడిలో సగం టికెట్ల నుంచి, 45 శాతం మాల్స్, ఆఫీసుల అద్దెల నుంచి, మిగిలిన 5 శాతం ప్రకటనల నుంచి వస్తుందని లెక్క వేసుకున్నారు. ప్రజాధనం ఖర్చు కాలేదన్న మాట ఇక్కడ తేలిపోతుంది. నోటు రూపంలో ఇవ్వనిది గజాల రూపంలో ఇచ్చారు.

ఆ లెక్క కుదరలేదు. తప్పంతా కంపెనీదే అనడం అన్యాయం. దారి కోసం ఆస్తులు సేకరించడం ఏళ్ల తరబడి సాగింది. 2014లో కొత్త రాష్ట్రం ఏర్పడ్డాక అసెంబ్లీ దగ్గరా సుల్తాన్ బజార్‌లోనూ మార్గం మార్చాలని ప్రభుత్వం పట్టుబట్టింది. పాతబస్తీ ముక్క కాగితం మీదే ఉండిపోయింది. 2017 నవంబరు 28న ప్రధాని మోదీ మియాపూర్‌లో జెండా ఊపేనాటికే ఖర్చు అంచనాలను ఎప్పుడో దాటేసింది. పంజాగుట్ట, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ లేచాయి గానీ, అద్దెలతో అప్పు తీరేంత కాదు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మార్గం తెరుచుకుని మొత్తం 69 కిలోమీటర్లు అయింది. రోజుకు నాలుగు లక్షల మంది ఎక్కుతున్న రోజులవి. నెలన్నర తిరక్కుండానే కోవిడ్ వచ్చి రైళ్లు సెప్టెంబరు దాకా ఆగిపోయాయి.

వడ్డీ మాత్రం ఆగలేదు.

2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఒక ప్రజా రవాణాలో మహిళల టికెట్లకు సర్కారు పూర్తిగా చెల్లిస్తూ, పక్కనే మరొకటి టికెట్ల మీద బతకాలనడం విడ్డూరమే. 2025 మేలో మెట్రో చార్జీలు పెరిగితే జనం గగ్గోలు పెట్టారు; కంపెనీ కొంత తగ్గించింది. అదే ఏడాది సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది. దాదాపు 13,000 కోట్ల అప్పును రాష్ట్రం తలకెత్తుకుని, వాటా కింద కంపెనీకి సుమారు 2,000 కోట్లు ఇవ్వాలన్నది షరతు. 1,458 కోట్ల సాయంతో తేలిపోతుందనుకున్న రైలు పదిహేనేళ్లకు 15,000 కోట్ల బాధ్యతై ఖజానా గడప తొక్కింది.

రెండో దశకు రాష్ట్రం 2024లో కేంద్రానికి పంపిన ప్రతిపాదన 76.4 కిలోమీటర్లకు, 24,269 కోట్లకు. అందులో రాష్ట్రం 30 శాతం, కేంద్రం 18 శాతం పెట్టాలి. 48 శాతం అంతర్జాతీయ సంస్థల అప్పు. ప్రైవేటు వారి భాగం 4 శాతం.