ఇటలీ పెండ్లిపెట్టెలు

టేకునకు పేరుపడిన ఖమ్మము భద్రాచలముల యడవి సరిహద్దున నివసించు మాకు, పాతసామాను కంటబడినపుడెల్ల అది యెవరి యింటిదను ప్రశ్న ముందు తోచును.

ఇటలీలోని ఫ్లారెన్సునందు దవాంజాటి భవనము కలదు. 14వ శతాబ్దిలో దవీట్సీలను వర్తకులు దానిని గట్టించిరి. ఎలియా వోల్పీ యను పాతవస్తువుల వ్యాపారి 1904లో దానిని గొని, ప్రాచీన గృహోపకరణములతో నింపి, 1910లో ప్రదర్శనశాలగా తెఱచెను. 1916లో ఆ సామగ్రిని న్యూయార్కులో వేలము వేయించెను! పిదప ప్రభుత్వము ఇల్లు గొని, 1956లో మరల తెఱచినది.

అట్టి యిండ్లలో మనకు పరిచితముగా దోచునది కస్సోనె యను పెట్టె. మన భోషాణమువంటిదే. అక్రోటుకఱ్ఱపై చెక్కడములు, బంగారుపూత, పురాణగాథల చిత్రములు, ఉభయవంశముల చిహ్నములు. 15వ శతాబ్దిలో నవవధువు సారె ఇందే యూరేగెడిది. కట్నము వేఱు. అది యెంత పెరిగెననగా 1425లో ఫ్లారెన్సు ప్రభుత్వము కట్ననిధినే స్థాపించెను. తండ్రి పసిబిడ్డపేర సొమ్ము దాచిన, ఏడున్నర లేక పదునైదేండ్లకు వృద్ధితో అల్లునికి చెందును; ఈలోపల ఋణభారమున నున్న ప్రభుత్వమునకు రొక్కము దొరకును. కట్నము కూడని కన్యలనేకులు మఠములు చేరిరి. చెక్కడపు సొగసు జూచి మురియువారికి ఈ కథ తెలియవలదా?

మా యడవులలోని కోయల పూర్వాచారమున వరునివారే కన్యవారికి ఓలి యిత్తురు. అదియు వెల గట్టుటయే, కాదనము. కాని వారిని మొరకులనెడి మనము, 1961లో వరకట్ననిషేధచట్టము వచ్చిన పిదపను, టేకుబీరువాలు చేయించి కట్నముతోగూడ లారీల కెక్కించుచునే యున్నాము.