పుల్లరి నేలలు

పాత మహబూబ్‌నగర్ జిల్లా మక్తల్ తాలూకాలో ఊట్నూరు అనే పల్లె ఉంది. ఆదిలాబాదు ఊట్నూరు వేరు, ఇది వేరు. ఇక్కడి బూడిద దిబ్బను 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ అనే ఇంగ్లీషు పురావస్తు పండితుడు తవ్వించాడు. కృష్ణా, తుంగభద్రల పరీవాహకంలో ఇలాంటి దిబ్బలు చాలా ఉన్నాయి. రాక్షసుల్ని దహనం చేసిన చోట్లని ఊళ్ళలో చెప్పుకొనేవారు. అది కాలిన పేడ అని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దంలోనే పోల్చుకున్నాడు. ఆల్చిన్ తవ్వకంలో దొడ్డి చుట్టూ కర్రలు పాతిన గుంటలు, పొరలు పొరలుగా పేడ బూడిద, ఆ పొరల మీద పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. సుమారు నాలుగున్నర వేల ఏళ్ళ కిందట ఇక్కడ మనుషులు మందల్ని దొడ్లలో కట్టి, పేరుకున్న పేడను ఎప్పటికప్పుడు తగలబెట్టేవారన్నమాట. అంత పేడ పేరుకుందంటే అంత మేత ఉండి ఉండాలి. దక్కను గడ్డి నేలల గురించి మనకు దొరికే మొదటి పత్రం ఆ బూడిదే.

ఈ గడ్డిని పశువు పుట్టించలేదు. ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్ల వాన, రాతి మీద జానెడు మందాన ఎర్రమన్ను, ఏడెనిమిది నెలల ఎండ ఉన్న చోట దట్టమైన అడవి పెరగడం కష్టం. మనిషి రాకముందు నుంచీ అక్కడ గడ్డి, పొదలు, దూరదూరంగా చెట్లు ఉన్నాయి. మనిషి చేసింది ఆ బయలును బయలుగా నిలబెట్టడం. మంద మేసింది, తుమ్మ మొలకల్ని మేకలు కొరికాయి, వేసవిలో కాపరి ఎండుగడ్డికి నిప్పు పెడితే తొలకరికి లేత చివుళ్ళు లేచాయి. అడవి నరికితే మిగిలిన పాడు నేల ఇదని మన పాఠ్యపుస్తకాలు నూరిపోసిన అభిప్రాయం చాలా చోట్ల తప్పు.

విజయనగర కాలం నాటికి రాయలసీమ పల్లెలకు ఒక రూపం వచ్చింది. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనం చెరువు ఎలా కట్టాలో, ఎలాంటి నేల చూసుకోవాలో వివరంగా చెబుతుంది. చెరువు కింద మాగాణి, దాని పైన జొన్న, కొర్ర పండే మెట్ట, ఆ పైన బీడు, గుట్ట. పైనున్న బీడు కింది పొలానికి శత్రువు కాదు. పంట కోసిన తర్వాత కొయ్యకాళ్ళలో గొర్రెల మందను రాత్రిళ్ళు నిలిపితే, దానికి రైతే కాపరికి గింజలు కొలిచేవాడు. మంద కట్టించడమంటే బీడులోని సారాన్ని పొలానికి మోయించుకోవడం. గొర్రె పగలు పైన మేసి, రాత్రి కింద ఎరువు వేసేది. ఈ ఏర్పాటులో గడ్డి నేల లేకపోతే మెట్ట సేద్యమే లేదు.

గడ్డికి విలువ ఉన్నప్పుడు దాని మీద పన్నూ ఉంటుంది. పశుకాపరి వీరుడు కాటమరాజు కథకు మూలం అదే. 13వ శతాబ్దంలో కరువు వచ్చి, శ్రీశైల ప్రాంతం నుంచి ఆవుల మందలతో కాటమరాజు నెల్లూరు సీమకు దిగివచ్చాడు. నెల్లూరు ప్రభువు నల్లసిద్ధితో కౌలు కుదిరింది: మేత మందలకు, వాటిలో పుట్టిన కోడెదూడలు రాజుకు. ఒప్పందం ఎందుకు చెడిందన్నదానికి కథలో కారణాలు చాలా ఉన్నాయి. చివరికి పుల్లరి, అంటే మేత పన్ను, చెల్లించనని కాటమరాజు, చెల్లించాల్సిందేనని రాజు పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాడు దగ్గర తలపడ్డారు. రాజు తరఫున సేనాని ఖడ్గ తిక్కన పోరాడి చనిపోయాడు. గొల్లలు తరతరాలుగా పాడుకున్న ఈ కథల్ని తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి అచ్చు వేయించారు. వీరగాథగా చదివేవాళ్ళకు ఖడ్గ తిక్కన కనిపిస్తాడు. నాకు మాత్రం అందులో కౌలు షరతులే ఎక్కువ ఆసక్తి కలిగిస్తాయి. సేద్యానికి కోడెలు కావాలి, కోడెల కోసం గడ్డి కావాలి. రాజు గడ్డిని ఇచ్చి సేద్యాన్ని కొనుక్కుంటున్నాడు.

అసలు మలుపు 1800లో వచ్చింది. నిజాం ఆ ఏడాది దత్త మండలాలను కుంపిణీకి అప్పగించాడు. 1807 వరకు అక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలం పొలాన్నీ కొలిపించాడు. రైత్వారీ పద్ధతిలో ప్రతి చేనుకూ శిస్తు కట్టారు. మన్రోను సీమ జనం ఇప్పటికీ మంచిగానే తలచుకుంటారు, అందుకు కారణాలూ ఉన్నాయి. కానీ ఆ లెక్కలో శిస్తు వచ్చే నేలకు ఒక విలువ, రాని నేలకు సున్నా. గొర్రె మేసిన గడ్డి ఏ చేను ఖాతాలోనూ ఎక్కదు. బీడు అంటే రేపు దున్నవలసిన భూమి అని సర్కారు అనుకోవడం అప్పటి నుంచి స్థిరపడింది. నా ఉద్దేశంలో ఆ తర్వాత రెండు వందల ఏళ్ళలో గడ్డి నేలలకు జరిగిందంతా ఈ ఒక్క లెక్క నుంచి పుట్టిందే.

1882 మద్రాసు అడవుల చట్టంతో రెండో గీత పడింది. ఊరి పశువులు మేసే కొండలు, బీళ్ళు రిజర్వు అడవులయ్యాయి. మేపాలంటే రుసుము కట్టాలి, లేదంటే బందెలదొడ్డి. పల్నాడులో దాన్నీ పుల్లరి అనే పిలిచారు. 1921లో సహాయనిరాకరణ ఉద్యమం అక్కడికి చేరేసరికి, కరువులో ఉన్న రైతులు రుసుము కట్టబోమన్నారు, అధికారుల్ని సాంఘికంగా వెలివేశారు. ఆ సందర్భంలోనే ఉన్నవ లక్ష్మీనారాయణ అరెస్టయ్యారు. తర్వాత జైలులో ఆయన రాసిన ‘మాలపల్లి’ నవలను తెలుగువాళ్ళు గుర్తుపెట్టుకున్నారు, జైలుకు పంపిన గడ్డిని మరిచిపోయారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో ఈ పోరాటాన్ని నడిపిన కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు చనిపోయాడు. ఎర్రగడ్డపాడుకీ మించాలపాడుకీ మధ్య ఆరు వందల ఏళ్ళు. అప్పుడూ ఇప్పుడూ తగాదా గడ్డి దగ్గరే.

ఈ రెండు పోరాటాల నడుమ చడీచప్పుడు లేకుండా జరిగిన సంగతి ఇంకొకటి ఉంది. నేల రూపు మార్చడంలో యుద్ధాల కంటే దానిదే పెద్ద చేయి. 1876లో, ధాత కరువు మొదలైన ఏడాదే, మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ ఎండకు తట్టుకొనే ఒక అమెరికా తుమ్మ విత్తనాలు తెప్పించమని సర్కారుకు రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలు 1877-78లో కడప జిల్లా కమలాపురం దగ్గర పడ్డాయి. అదే మన సర్కారు తుమ్మ. దాని కాయ తియ్యగా ఉంటుంది, పశువు ఇష్టంగా తింటుంది, గింజ మాత్రం అరగదు. పేడతో పాటు బీడు మీద పడి, వాన తగలగానే మొలుస్తుంది. అంటే ఇన్ని వేల ఏళ్ళుగా బయలును కాపాడిన పశువే ఇప్పుడు బయలును మూసేసే చెట్టును నాటుతోంది. కంప కింద గడ్డి బతకదు. పొయ్యిలోకి కట్టె, అమ్ముకోవడానికి బొగ్గు దొరికాయి కాబట్టి పేదలకు దానితో మేలూ జరిగింది. ఆ మేలును కాదనలేం.

ఒంగోలు గిత్త కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నెల్లూరు, గుంటూరు నల్లరేగళ్ళలో జొన్నచొప్ప, పచ్చికబీళ్ళ మీద ఆ జాతి తయారైంది. 1920ల నుంచి వర్జీనియా పొగాకు ఆ నేలల్ని ఆక్రమించింది, తర్వాత ట్రాక్టరు వచ్చింది. ఇంటి దగ్గర గిత్త తగ్గిపోతుంటే, బ్రెజిల్‌లో అదే జాతి నెలోరే అన్న పేరుతో కోట్లలో పెరిగింది. 1960లలో ఒంగోలు పక్కన కరవది నుంచి వెళ్ళిన ఒక ఆబోతు సంతతి అక్కడ బాగా పేరు మోసింది. ఆ మందల కోసం అక్కడి సెరాడో బయళ్ళను చదును చేసి ఆఫ్రికా గడ్డి చల్లారు. మన గడ్డి పెంచిన పశువు మరో ఖండంలో నేల రూపాన్నే మార్చేసింది.

స్వాతంత్ర్యం వచ్చాక మేలు చేయాలన్న తపనే బీడుకు ఎక్కువ చేటు చేసింది. భూమిలేని వాళ్ళకు డీ పట్టాలు పంచారు. పంచిన వాటిలో మేత భూములూ ఉన్నాయి. పేదవాడికి భూమి ఇవ్వడాన్ని తప్పు పట్టను. భూస్వామి మాగాణి జోలికి పోకుండా గొల్లవాడు మేపే గుట్టను పంచడం చేతగాని పని. అనంతపురంలో కొర్ర, సజ్జ తగ్గి పదిహేను లక్షల ఎకరాలకు పైగా వేరుశనగ పరుచుకుంది. 1985లో జాతీయ బంజరు భూముల అభివృద్ధి బోర్డు ఏర్పడి, ఏటా 50 లక్షల హెక్టార్లలో చెట్లు నాటాలని లక్ష్యం పెట్టుకుంది. బీళ్ళలోకి జామాయిల్, సుబాబుల్ వచ్చాయి. 2000లో హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ సంస్థ తోడ్పాటుతో వచ్చిన బంజరు భూముల అట్లాసు, దేశంలో ఐదో వంతు నేలను పనికిరాని పద్దులో వేసింది. తోడేళ్ళు, కృష్ణజింకలు, గొర్రెలు ఆ పద్దులోనే బతుకుతున్నాయి.

రోళ్ళపాడు దగ్గర ఈ చరిత్రంతా ఒక్కచోట కనిపిస్తుంది. ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న ఈ గడ్డి మైదానాన్ని బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు ఆరు చదరపు కిలోమీటర్లే. ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డు పెట్టే ఆ పిట్టకు అది ఏ మూలకు? నిజానికి అది గడ్డిలో గుడ్డు పెట్టి, చుట్టూ ఉన్న జొన్న, కొర్ర, వేరుశనగ చేలలో మిడతల్ని ఏరుకొని బతికేది. మెట్ట సేద్యం, బీడు కలిస్తేనే దాని ఇల్లు. కాలువ నీళ్ళు వచ్చి చేలలో పంటలు మారాయి, పురుగుమందులు పెరిగాయి, బీళ్ళు పొలాలయ్యాయి. లోపల ఎంత కాపాడినా బయట దాని మేత పోయింది. కృష్ణజింకలు పెరిగి చేల మీద పడటంతో, పక్క ఊళ్ళ రైతులకు అభయారణ్యం అంటేనే కోపం వచ్చింది. ఈ మధ్య ఏళ్ళలో అక్కడ బట్టమేక కనిపించడం గగనమైపోయింది.

కడప వైపు కలివికోడి మరో సాక్ష్యం. జెర్డాన్ సేకరించగా 1848లో బ్లైత్ వర్ణించిన ఆ పిట్ట అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986లో లంకమల దగ్గర మళ్ళీ దొరికింది. తర్వాత చేసిన పరిశీలనల్లో, పొదలు మరీ చిక్కగా గానీ మరీ పలచగా గానీ లేని చోటనే అది ఉంటుందని తేలింది. మేకలు, కట్టెలు కొట్టేవాళ్ళు పూర్తిగా లేకపోతే పొదలు మూసుకుపోతాయి. ఎక్కువైతే ఏమీ మిగలదు. తెలుగుగంగ కాలువ ఆ చోటును చీల్చుకుపోబోతే దారి మళ్ళించాల్సి వచ్చింది.

ఇప్పుడు వంతు సోలారుది. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల ఊళ్ళ దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో 1000 మెగావాట్ల పార్కు 2017లో సిద్ధమైంది. ప్రభుత్వ, అసైన్డ్, పట్టా భూములన్నీ కలిపి అందులోకి వెళ్ళాయి. కరెంటు కావాలి, నిజమే. కంచె లోపలికి మాత్రం గొర్రెకు దారి లేదు. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టింది. జీవాలు వచ్చాయి, మేసే నేల ఎక్కడన్న ప్రశ్న పథకంలో వెనకబడింది.

గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఐక్యరాజ్యసమితి 2026ను మేత భూముల, పశుకాపరుల సంవత్సరంగా ప్రకటించింది. ఈ రెంటినీ ఊళ్ళోకి తెచ్చేది అధికారులు కాదు. మీ ఊరి అడంగల్లోనో పహాణీలోనో మేత పోరంబోకు, గైరాన్ కింద ఎన్ని ఎకరాలున్నాయో చూడండి. ఆ సర్వే నంబర్లు పట్టుకొని, దారి తెలిసిన గొర్రెల కాపరిని వెంటబెట్టుకొని, నేల మీదికి వెళ్ళండి. కాగితానికీ నేలకూ తేడా ఉంటే గ్రామసభలో అడగండి, తహసీల్దారుకు అర్జీ పెట్టండి.