పోచమ్మమైదాన్ నుంచి మశూచి టీకా దాకా

వరంగల్‌లో పోచమ్మమైదాన్ పేరు తెలియనివారు ఉండరు. ఆ పేరులో ఉన్న తల్లి ఒకప్పుడు ఈ ప్రాంతాన్నంతా గడగడలాడించిన మశూచికి అధిదేవత. మశూచి సోకితే తెలంగాణ పల్లెల్లో జబ్బు చేసిందనేవారు కాదు, తల్లి పోసిందనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఇంట్లో తాలింపు మానేవారు. బయటివారిని గడప దాటనిచ్చేవారు కాదు. పక్కులు రాలాక వేపాకు, పసుపు కలిపిన నీళ్ళు పోసి, పోచమ్మకు బోనం వండి సాక పెట్టేవారు. ఈ ఆచారమంతా మూఢత్వమనీ, తర్వాత వచ్చిన టీకా దాన్ని ఓడించిన విజ్ఞానమనీ చెప్పే చరిత్రకు మనం అలవాటుపడ్డాం. అది సగమే నిజం. టీకా ఏ శరీరధర్మం మీద ఆధారపడి పనిచేస్తుందో, దాని మూడు లక్షణాల్లో రెంటిని ఈ ఊళ్ళ జనం ముందే కనిపెట్టారు. వాళ్ళకు చిక్కనిది మూడోది. కోట్ల ప్రాణాలు ఆ మూడోదాని మీదే ఆధారపడి ఉన్నాయి.

మొదటిది, ఒకసారి తల్లి పోసి బతికి బయటపడ్డవారికి మళ్ళీ పోయదన్న ఎరుక. టీకా లేనివారిలో పెద్ద మశూచి సోకిన ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురిని బలితీసుకునేది. మిగిలినవారి ముఖం మీద మచ్చలు జీవితాంతం ఉండేవి, ఆ మచ్చలే వాళ్ళకు అభయం. క్రీ.పూ. 430లో ఏథెన్స్‌ను మహమ్మారి పట్టినప్పుడు, కోలుకున్నవారే భయం లేకుండా రోగులను చూసుకున్నారని గ్రీకు చరిత్రకారుడు థ్యుసిడిడీస్ రాశాడు. మనుషులు ఎక్కడున్నా ఈ సంగతి గమనించారు. రెండోది ఇంకా సూక్ష్మమైనది. ఒంటి మీద పొక్కులు లేపే జబ్బులన్నిటినీ మనవాళ్ళు అమ్మవారికే అప్పగించినా ఒకే గాటన కట్టలేదు. మశూచి వేరు, ఆటలమ్మ వేరు, తట్టు వేరు. ఆటలమ్మ వచ్చిపోయిందని మశూచి విషయంలో నిశ్చింతగా ఉండే వీల్లేదు. రక్షణ ఏ జబ్బుకు ఆ జబ్బుకే.

ఈ రెంటికీ కారణం 20వ శతాబ్దంలో గానీ తేలలేదు. మన రక్తంలోని లింఫోసైట్లు అనే తెల్లకణాల్లో ప్రతిదాని పైపొర మీదా ఒక గ్రాహకం ఉంటుంది. దాని ఆకారం ఒక్కో కణానికి ఒక్కో రకం. జన్యువుల ముక్కలు ఎటుపడితే అటు తెగి అతుక్కోవడంవల్ల ఈ వైవిధ్యం పుడుతుందని చూపినందుకు సుసుము తొనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఏ క్రిమినీ చూడకముందే కోట్ల రకాల కణాలు ఒంట్లో సిద్ధంగా ఉంటాయి. క్రిమి మీది ఏదో ఒక భాగం, అంటే యాంటీజెన్, ఏ కణం గ్రాహకానికి అమరుతుందో ఆ కణమే వేలుగా పెరుగుతుంది. శాస్త్రవేత్త బర్నెట్ 1957లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇదే. పెరిగినవాటిలో కొన్ని యాంటీబాడీలు తయారుచేస్తాయి, కొన్ని సోకిన కణాలను చంపుతాయి, కొన్ని జ్ఞాపకంగా మిగిలిపోతాయి. మూడో లక్షణం ఇక్కడే దాగుంది. గ్రాహకం గుర్తుపట్టేది జబ్బును కాదు, ఆకారాన్ని. మశూచి వైరస్‌కు దగ్గరి బంధువైన మరో వైరస్ మీద అవే ఆకారాలు ఉంటే, చంపని బంధువును చూపించి చంపేదాని నుంచి రక్షణ పొందవచ్చు.

వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ఆవులకు సోకే గోమశూచి రసంతో చేసింది అదే. 1802లో బొంబాయిలో ఒక చిన్నపిల్లకు వేయడంతో ఈ టీకా మనదేశంలో మొదలైంది. మద్రాసులో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి, జనాన్ని ఒప్పించడానికి సంస్కృతంలో టీకా మీద పద్యాలు తానే అల్లి ప్రాచీన గ్రంథంలోవిగా చలామణీ చేయించాడంటారు. ద్రావిడ భాషలన్నీ ఒకే కుటుంబమని ముందుగా గుర్తించిన మనిషి ఇలాంటి పనికి దిగడం బాధగానే ఉంటుంది. టీకా మన శాస్త్రాల్లో ఎప్పుడో ఉందని ఇప్పటికీ వాదించేవారికి నా సమాధానం ఇదే: మనవాళ్ళు గమనించినదానికి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వడానికి లేనిదాన్ని కల్పించనక్కర్లేదు.

టీకా వేసిన చెయ్యిని దగ్గరగా చూస్తే ఈ శాస్త్రమంతా చర్మం మీదే కనిపించేది. మూడు నాలుగు రోజులకు చిన్న కందు, ఆరో రోజుకు నీటిపొక్కు, ఎనిమిది తొమ్మిది రోజులకు చీము పట్టి చుట్టూ ఎర్రటి వలయం, మూడు వారాలకు పక్కు రాలి గుంటమచ్చ. మధ్యలో చంకలో బిళ్ళ కట్టేది. చర్మంలోని డెండ్రైటిక్ కణాలు వైరస్ ముక్కలను మోసుకుపోయి లింఫోసైట్లకు చూపించే చోటు ఆ బిళ్ళే. అమరిన కణాలు అక్కడే పెరుగుతాయి గనుక అది ఉబ్బుతుంది. అదే మనిషికి కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ వేస్తే పొక్కు చాలా త్వరగా వచ్చి చిన్నగానే మాడిపోయేది. ఒంటికి జ్ఞాపకం ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మశూచి మళ్ళీ రాదని గమనించడం జ్ఞానమెలా అవుతుంది, కారణం తెలియనప్పుడు అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కానీ జెన్నర్‌కూ కారణం తెలియదు. వైరస్ అంటే ఇప్పుడున్న అర్థం ఆయనకు తెలియదు, లింఫోసైట్ ఏం చేస్తుందో ఆయన తర్వాత నూటయాభై ఏళ్ళదాకా తేలలేదు. పోచమ్మకు బోనమెత్తిన తల్లికీ జెన్నర్‌కూ మధ్య ఉన్న దూరం ఒక్క పరిశీలన, దాన్ని పరీక్షకు పెట్టే తెగువ. బలమైన అభ్యంతరం మరొకటుంది: ఆచారం ప్రాణాలు తీసింది. తల్లికి కోపం వస్తుందని రోగిని దాచారు, టీకా వద్దన్నారు. దీన్ని కాదనలేను, కాదనకూడదు కూడా. అయితే భయానికి భక్తి ఒక్కటే కారణం కాదు. తొలినాళ్ళలో ఒక పిల్ల చేతి పొక్కు రసాన్ని మరో పిల్ల చేతికి ఎక్కించేవారు, దాంతోపాటు వేరే జబ్బులూ అంటేవి. తర్వాత వచ్చిన దూడ రసం మేలైనదే, కానీ చర్మాన్ని గుండ్రంగా తిప్పి కోసే లాన్సెట్ చేసే పుండుకు పిల్లలు రోజులకొద్దీ ఏడ్చేవారు. తల్లులు జంకారంటే ఆశ్చర్యమేముంది?

ఆ జంకును తగ్గించింది ఉపన్యాసాలకన్నా మెరుగైన పనిముట్లే. 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలైంది. ఎండకు చెడని పొడి టీకాను తయారుచేసిన మనదేశపు కొద్ది సంస్థల్లో హైదరాబాద్‌లోనిదీ ఒకటి. రెండు మొనల సూదితో పదిహేను పోట్లు పొడిస్తే సరిపోయేది. వైరస్ సోకిన మూడు నాలుగు రోజుల్లోపు వేసినా టీకా కాపాడేది. మశూచి ఒంట్లో ముదరడానికి పది పన్నెండు రోజులు పట్టేది, టీకా ఈలోగానే కణాలను సిద్ధం చేసేది. అందుకే రోగి కనిపించిన ఇంటి చుట్టూ అందరికీ టీకా వేయడం ఫలించింది. దేశంలో చివరి కేసు 1975 మేలో అస్సాంలోని కరీంగంజ్‌లో తేలింది. 1980లో ప్రపంచమంతా మశూచి పోయిందని ప్రకటించారు.

ఆ టీకా ఆగిపోయి నలభై ఏళ్ళు దాటింది. వరంగల్‌లో ఇప్పుడు యాభై దాటినవారి చేతుల మీదే ఆ పెద్ద గుంటమచ్చ ఉంటుంది. పిల్లలకున్న చిన్న మచ్చ క్షయకు వేసే బీసీజీది. మశూచి టీకా వేయించుకున్నవారి రక్తాన్ని దశాబ్దాల తర్వాత పరీక్షించి 2003లో అమెరికా పరిశోధకులు ఫలితాలు ప్రకటించారు. 75 ఏళ్ళు గడిచినవారిలో కూడా యాంటీబాడీలు దాదాపు తగ్గకుండా నిలిచాయి, టి కణాల జ్ఞాపకం మాత్రం 8 నుంచి 15 ఏళ్ళకు సగమవుతూ వచ్చింది. మశూచికి బంధువైన మంకీపాక్స్ 2022 జూలైలో కేరళలో బయటపడ్డప్పుడు, పాత టీకా మచ్చ ఉన్నవారికి ఎంతో కొంత రక్షణ ఉండవచ్చని వైద్యులు చెప్పింది దీన్నిబట్టే. ఆ టీకా ఆగిపోయాక పుట్టిన తరాలకు మాత్రం పోచమ్మ పోసిన మచ్చా లేదు, టీకా మచ్చా లేదు.