ఎంజీబీ కారుకు ఎగ్జాస్ట్ హెడర్ బిగింపు

ఎంజీబీ ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైన స్పోర్ట్స్ కారు. దాని 1798 సీసీ ఇంజన్‌కు ఉన్న పోత ఇనుము ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ తీసేసి, ఉక్కు గొట్టాల హెడర్ పెట్టడం ఈ కారు ప్రియులకు బాగా పరిచయమైన మార్పు.

సిలిండర్లు నాలుగైనా పొగ వెళ్లే ద్వారాలు మూడే. రెండో, మూడో సిలిండర్లు ఒకే ద్వారాన్ని పంచుకుంటాయి. అందుకే హెడర్‌కు మూడు గొట్టాలుంటాయి. బాగా పేరున్న రకంలో రెండు చివరల్లోని గొట్టాలు ముందు కలుస్తాయి, పొడవాటి మధ్య గొట్టం ఆ తరువాత వాటితో చేరుతుంది.

పనిలో అసలు చిక్కు బిగింపు దగ్గరే. గాలి లోపలికి తీసుకునే మానిఫోల్డ్, హెడర్ రెండూ ఒకే గ్యాస్కెట్ మీద కూర్చుంటాయి. కొన్ని స్టడ్ల దగ్గర ఒకే మందపాటి వాషర్ రెండింటినీ నొక్కి పట్టాలి. కొత్త హెడర్ ఫ్లాంజ్ మందం పాతదానితో సరిపోకపోతే వాషర్ ఒరిగిపోయి, ఒక పక్క లీకవుతుంది. కొనగానే మందం కొలిచి, తేడా ఉంటే ఫ్లాంజ్‌ను అరగదీయించడమో, మెట్టు వాషర్లు వాడడమో చేయాలి. ఇది మానేసి గ్యాస్కెట్‌ను తిట్టుకోవడం అన్యాయం.

తుప్పు పట్టిన నట్లకు ముందురోజే నూనె పట్టించాలి. స్టడ్ విరిగితే పని రెట్టింపవుతుంది. ఎడమవైపు స్టీరింగ్ ఉన్న కార్లలో గొట్టాలు స్టీరింగ్ కడ్డీకి తగలకుండా చూడాలి. ఇంజన్ వేడెక్కి చల్లారాక నట్లు మళ్లీ బిగించి, కార్బ్యురేటర్ మిశ్రమం సరిచూడాలి.